ల్యాప్‌టాప్... ఊరు చూసి కొనాలి!

పిల్ల ఇంజినీరింగులో చేరింది. ల్యాప్‌టాప్ కొనాలి. హైదరాబాదులో ఉన్న మావయ్య ఐ7 కొనమంటాడు. పక్కింటి కుర్రాడు గేమింగ్‌దే కొనమంటాడు. కొట్లో అబ్బాయి ఆఫర్ ఇవాళే ఆఖరంటాడు. వీళ్లలో ఎవరి మాట వినాలి? అసలు అన్నిటికన్నా ముందు చూడాల్సింది ఏమిటి? సముద్రం ఒడ్డునున్న కృత్తివెన్ను నుంచి చూస్తే ఈ ప్రశ్నకు జవాబు కాస్త వేరుగా ఉంటుంది.

రొయ్య పిల్ల కొనడానికి వెళ్లే రైతును ఎప్పుడైనా గమనించారా? హేచరీ వాళ్లు ఎంత గొప్పగా చెప్పినా తొందరపడడు. శాంపిల్ తీసుకుని ల్యాబుకు వెళ్తాడు. పీసీఆర్ పరీక్ష చేయిస్తాడు. వైట్‌స్పాట్ లేదని కాగితం చేతికొచ్చాకే డబ్బు మాట ఎత్తుతాడు. అక్కడితో ఆగడు. హేచరీ నీళ్లలో ఉప్పు శాతం ఎంత, తన చెరువులో ఎంత అని లెక్క చూసుకుంటాడు. ఆ రెండిటికీ పొంతన లేకపోతే ఎంత మంచి సీడైనా చెరువులో బతకదని అతనికి తెలుసు.

అదే రైతు కూతురికి ల్యాప్‌టాప్ కొందామని బెజవాడ వెళ్తే..?

‘మంచిది ఏదో ఒకటి చూసి ఇవ్వు బాబూ’ అనేస్తాడు!

ఇది ఏదో ఒక ఇంటి ముచ్చట కాదు. ఎంసెట్ పోయి ఈఏపీసెట్ వచ్చినా కౌన్సెలింగ్ రోజుల్లో ఇంటింటా నడిచే చర్చ ఇదే. కృత్తివెన్ను మండలం కృష్ణా జిల్లాకు ఓ కొసన ఉంది. ఒకపక్క బంగాళాఖాతం, మరోపక్క పశ్చిమ గోదావరి జిల్లా. మధ్యలో వరిచేలు, రొయ్యల చెరువులు, వేటకెళ్లే పల్లెలు. ఇక్కడి పిల్లలు గుడ్లవల్లేరు ఇంజినీరింగ్ కాలేజీకో, భీమవరం ఎస్సార్కేఆర్‌కో, బందరులోని కృష్ణా విశ్వవిద్యాలయానికో వెళ్తారు. 2020లో కరోనా వచ్చి పాఠాలు ఆన్‌లైన్ బాట పట్టినప్పుడు, ఇంట్లో ఉన్న ఒక్క సెల్‌ఫోనునే అన్నాచెల్లెళ్లు వంతులేసుకున్న ఇళ్లెన్నో. ఆ తర్వాత ల్యాప్‌టాప్ విలాసం కాదని అందరికీ అర్థమైంది.

కానీ ధర మాటేమిటి? యాభై, అరవై వేలంటే మధ్యతరగతి ఇంట్లో చిన్న మొత్తమేం కాదు. పట్టుబడి బాగుంటేనే ఆ డబ్బు చేతిలో ఆడుతుంది. ఒకసారి తప్పు యంత్రం కొంటే మళ్లీ కొనే శక్తి ఉండదు. మూడో ఏడాది ప్రాజెక్టు వేళ అది మొరాయిస్తే నష్టపోయేది పిల్ల చదువే. అందుకే సీడు విషయంలో చూపించే జాగ్రత్తే ఇక్కడా చూపించాలి. ల్యాప్‌టాప్ ఎంపికలో ముందు తేల్చుకోవాల్సినవి రెండే రెండు... అది ఏ పని చేయాలి? ఏ ఊళ్లో బతకాలి? కంపెనీ, రంగు, ధర, డిస్కౌంట్ అన్నీ వీటి తర్వాతే.

ముందు పని... తర్వాతే పేరు!

‘ఇంజినీరింగ్ పిల్లలకు ఏది మంచిది?’ అని అడిగితే ఎవరూ సరైన జవాబు చెప్పలేరు. ఏ బ్రాంచి అన్నది ముఖ్యం. కంప్యూటర్ సైన్సు పిల్లలు ప్రోగ్రాములు రాస్తారు. దానికి ఖరీదైన గ్రాఫిక్స్ కార్డుతో సాధారణంగా పనిలేదు. కానీ ఒకేసారి పది కిటికీలు తెరుస్తారు కాబట్టి మెమరీ కావాలి. సెల్‌ఫోను యాప్‌లు తయారుచేసే ఆండ్రాయిడ్ స్టూడియోనే తీసుకోండి. ఎమ్యులేటర్‌తో కలిపి వాడాలంటే 16 జీబీ ర్యామ్ ఉండాలని గూగులే చెబుతోంది.

సివిల్, మెకానికల్ వాళ్ల సంగతి వేరు. భవనాల నమూనాలు గీసే రెవిట్, యంత్రభాగాలు గీసే సాలిడ్‌వర్క్స్ లాంటివి విండోస్ మీదే నడుస్తాయి. బావుంది కదా అని మ్యాక్‌బుక్ కొనిస్తే అక్కడ చిక్కొస్తుంది. వీళ్లకు గ్రాఫిక్స్ కార్డు ఉంటే అక్కరకొస్తుంది. ఇక డిగ్రీ చదివేవాళ్లు, ఇంట్లో లెక్కలు రాసుకునేవాళ్లు, ట్యాలీ నేర్చుకునేవాళ్లకు మామూలు యంత్రం చాలు. క్రోమ్‌బుక్ చవగ్గా వస్తుంది. కానీ విండోస్ కోసం చేసిన ట్యాలీ లాంటివి అందులో నేరుగా ఎక్కవు. కాలేజీలో ఏ సాఫ్ట్‌వేర్లు వాడతారో సీనియర్లను అడిగి ఒక కాగితం మీద రాసుకోవడం అన్నిటికన్నా మొదటి పని. కొట్టుకు వెళ్లేటప్పుడు పర్సుతో పాటు ఆ కాగితమూ జేబులో ఉండాలి!

ఐ7 అయితే చాలా?

అందరూ పడే బోల్తా ఇక్కడే. ఐ3 కన్నా ఐ5, ఐ5 కన్నా ఐ7 గొప్పదని ఒక లెక్క. ఒకే తరంలో, ఒకే రకంలో అయితే ఆ లెక్క చాలావరకూ నిజమే. కానీ తరాలు మారితే తారుమారవుతుంది. ఉదాహరణకు ఐ7-8550యూ అన్నది 2017 నాటి ఎనిమిదో తరం. ఐ5-1235యూ అన్నది 2022 నాటి పన్నెండో తరం. పేరులో ‘7’ ఉన్నా మొదటిది రెండోదాని ముందు నిలవలేదు. ఇంటెల్ పాత పద్ధతిలో గీత తర్వాత వచ్చే మొదటి ఒకటి రెండు అంకెలే తరాన్ని చెబుతాయి. 2023 డిసెంబరు నుంచి ‘కోర్ అల్ట్రా’ అంటూ కొత్త పేర్లు వచ్చాయి కాబట్టి ఏ ఏడాది విడుదలైందో కూడా అడగాలి.

ఏఎండీ వాళ్ల రైజెన్‌లోనూ ఇలాంటి మెలికే ఉంది. 7000 వరుసలో మొదటి అంకె చూసి మోసపోకూడదు. మూడో అంకె చూడాలి. 7520యూలో మూడో అంకె 2. అంటే లోపలి డిజైను 2019 నాటిది. 7530యూ అయితే 2020 నాటిది, 7540యూ అయితే 2022 నాటిది. మూడూ పక్కపక్కనే ఉంటాయి. మూడిటి మీదా ‘రైజెన్ 5’ అనే ఉంటుంది. కొత్త గోతంలో పాత బియ్యం పోసినట్టన్నమాట!

చివర అక్షరానికీ అర్థం ఉంది. ‘యూ’ ఉంటే తక్కువ కరెంటు తాగుతుంది, తక్కువ వేడెక్కుతుంది. ‘హెచ్’ ఉంటే బలం ఎక్కువ, వేడీ ఎక్కువే. బ్యాటరీ త్వరగా ఖాళీ అవుతుంది. క్లాసులో కూర్చుని నోట్సు రాసుకునే పిల్లకు ‘హెచ్’ ఎందుకు?

ఐదు వేలు మిగిలితే ఎక్కడ పెట్టాలి?

బడ్జెట్‌లో కొంచెం వెసులుబాటు దొరికితే చాలామంది ఐ5 నుంచి ఐ7కు మారిపోతారు. ఆ డబ్బు ర్యామ్ మీద పెట్టడమే తెలివైన పని. విండోస్ 11కు కనీసం 4 జీబీ అని మైక్రోసాఫ్ట్ రాసిందని అంతే కొంటే, బస్టాండులో ఎర్రబస్సు కోసం చూసినట్టు తెర వంక చూస్తూ కూర్చోవాలి. 8 జీబీతో మామూలు పనులు గడుస్తాయి. నాలుగేళ్లు నిశ్చింతగా ఉండాలంటే 16 జీబీ మేలు.

ఇంకో సంగతి. పల్చటి ల్యాప్‌టాప్‌లు చాలావాటిలో ర్యామ్‌ను బోర్డుకే అతికించేస్తున్నారు. తర్వాత పెంచుదామన్నా కుదరదు. ‘ఖాళీ స్లాట్ ఉందా?’ అని ముందే అడగాలి. 2025 చివర్లో మెమరీ చిప్‌ల ధరలు బాగా పెరిగాయి. ఏఐ డేటా సెంటర్లు వాటిని ఎగబడి కొనడమే ప్రధాన కారణం. అక్కడెక్కడో అమెరికాలో సర్వర్లు పెడితే బెజవాడ కొట్లో ర్యామ్ ధర మారిందన్నమాట. రేపు చవకవుతుందిలే అన్న ధీమాతో తక్కువ ర్యామ్ కొనడం మంచిది కాదు.

నిల్వకు మాత్రం ఎస్‌ఎస్‌డీయే ఉండాలి. పాత హార్డ్‌డిస్కులో తిరిగే పళ్లెం ఉంటుంది. కుదుపులకు దెబ్బతింటుంది. ఎస్‌ఎస్‌డీలో కదిలే భాగాలే ఉండవు. గతుకుల రోడ్డు మీద రోజూ బస్సెక్కే పిల్లకు అది పెద్ద రక్షణ.

బరువూ చూసుకోవాలి. 1981లో వచ్చిన ఆస్‌బోర్న్ 1ను వెంట తీసుకెళ్లగల కంప్యూటర్ అని గొప్పగా అమ్మారు. దాని బరువు 11 కిలోలు, తెర 5 అంగుళాలు, లోపల బ్యాటరీయే లేదు! ఇప్పుడు కిలోన్నరకే దొరుకుతున్నాయి. గేమింగ్ రకాలు మాత్రం ఛార్జరుతో కలిపి మూడు కిలోలకు చేరువవుతాయి. పుస్తకాల సంచీకి అది తోడైతే మోసే భుజానికే తెలుస్తుంది ఆ బాధ.

ఉప్పుగాలి ఊరుకోదు!

ఇక రెండో ప్రశ్న... ఏ ఊళ్లో బతకాలి? తీరంలో ఉన్నవాళ్లకు ఉప్పుగాలి సంగతి కొత్తగా చెప్పక్కర్లేదు. కొత్త ఇనుప గేటు రెండేళ్లకే పెచ్చులూడుతుంది. సైకిల్ గొలుసు ఎర్రబారుతుంది. అదే గాలి ల్యాప్‌టాప్ లోపలికీ వెళ్తుంది.

ఎలాగంటారా? వానాకాలంలో వంటింట్లో ఉప్పు డబ్బా మూత తీసి చూడండి. ఉప్పంతా చెమ్మగిల్లి ఉంటుంది. గాలిలో తేమ దాదాపు 75 శాతం దాటిందంటే ఉప్పు ఆ తేమను లాక్కుని కరగడం మొదలెడుతుంది. ల్యాప్‌టాప్‌లోని ఫ్యాను చల్లదనం కోసం బయటి గాలిని లోపలికి పీలుస్తుంది. ఆ గాలితో వచ్చిన సన్నని ఉప్పు కణాలు, దుమ్ము బోర్డు మీద పేరుకుంటాయి. తేమ తగిలితే ఆ పొర ఉప్పునీరవుతుంది. అందులోంచి కరెంటు పక్కదారి పడుతుంది. రాగి, తగరం అతుకులు మెల్లగా తినేసుకుపోతాయి. ఒకరోజు పొద్దున్నే బటన్ నొక్కితే చడీచప్పుడూ ఉండదు. ‘నిన్న రాత్రి బాగానే ఉందండీ’ అనుకోవడం తప్ప చేసేదేమీ ఉండదు.

మరి ఉప్పుగాలిని తట్టుకునే ల్యాప్‌టాప్ దొరకదా? కొన్నిటి మీద ‘మిలిటరీ గ్రేడ్’ అని స్టిక్కరు కనిపిస్తుంది. అది అమెరికా సైన్యం పెట్టుకున్న మిల్-ఎస్‌టీడీ-810 అనే పరీక్షల పట్టిక. అందులో కింద పడేయడం, వేడి, తేమ, దుమ్ము... ఇలా 20కి పైగా పరీక్షలున్నాయి. అన్నీ చేయాలన్న నియమం లేదు. కంపెనీ తనకు నచ్చిన కొన్నిటిని చేయించి స్టిక్కరు వేసుకోవచ్చు. ఉప్పు మంచు పరీక్ష నంబరు 509. స్టిక్కరు చూసి మురిసిపోకుండా, కంపెనీ వెబ్‌సైట్లో ఆ మోడల్‌కు 509 చేశారో లేదో చూసుకోవాలి. తేమ పరీక్ష నంబరు 507. తీరంలో ఉండేవాళ్లకు కింద పడేసే పరీక్ష కన్నా ఈ రెండే ముఖ్యం.

కొన్నాక జాగ్రత్తలు మన చేతిలో ఉన్నాయి. సముద్రం వైపు కిటికీ పక్కన బల్ల వేయకూడదు. పరుపు మీద పెట్టి వాడితే గాలి రంధ్రాలు మూసుకుపోతాయి. వానాకాలంలో వారాల తరబడి కట్టి బీరువాలో పడేయడం కన్నా రోజూ కాసేపు వాడటమే మంచిది. ఆ వేడికి లోపలి చెమ్మ ఆరిపోతుంది. దాచాల్సి వస్తే సిలికాజెల్ పొట్లాలు వేసిన గాలి చొరబడని డబ్బాలో పెట్టాలి. ఏసీ గదిలోంచి చల్లటి యంత్రాన్ని తెచ్చి ఉక్కపోతలో వెంటనే ఆన్ చేయకూడదు. చల్లటి సోడాసీసాకు పట్టినట్టే దానికీ చెమట పడుతుంది. అరగంట ఆగితే సరి. ఏడాదికోసారి లోపల దుమ్ము తీయించాలి.

కరెంటు కబుర్లు

తీరానికి తుపాన్లు చుట్టాలు. 2023 డిసెంబరు 5న మిచాంగ్ బాపట్ల దగ్గర తీరం దాటింది. 2025 అక్టోబరు 28న మొంథా నర్సాపురం దగ్గర దాటింది. తుపాను వస్తే కరెంటు ఎప్పుడు వస్తుందో చెప్పలేం. అలాంటి చోట బ్యాటరీయే ప్రాణం.

‘పది గంటలు వస్తుంది’ అన్న ప్రకటన నమ్మనక్కర్లేదు. చిన్న లెక్క చాలు. బ్యాటరీ సామర్థ్యాన్ని వాట్ అవర్లలో రాస్తారు. మామూలు పనిలో ల్యాప్‌టాప్ 8 వాట్లు వాడుతుందనుకుందాం. 40 వాట్ అవర్ల బ్యాటరీ 5 గంటలు, 56 వాట్ అవర్లది 7 గంటలు వస్తుంది. రెండు మోడళ్లూ ఒకే ధరలో ఉంటే పెద్ద అంకె ఉన్నదే మేలు. యూఎస్‌బీ-సీ తో ఛార్జింగ్ ఎక్కే రకమైతే ఇంకా సుఖం. తగినంత శక్తి ఉన్న పవర్‌బ్యాంకుతోనూ నడుపుకోవచ్చు, ఛార్జరు పోతే సులువుగా దొరుకుతుంది. యూరప్ దేశాల్లో అమ్మే కొత్త ల్యాప్‌టాప్‌లకు 2026 ఏప్రిల్ 28 నుంచి ఈ పద్ధతిని తప్పనిసరి చేస్తూ చట్టమే చేశారు.

వోల్టేజీ తక్కువని స్టెబిలైజర్ కొనేవాళ్లున్నారు. ఛార్జరు వెనక ‘100-240’ అని ఉంటే ఆ ఖర్చు అక్కర్లేదు. ఆ మధ్యలో ఎంత వోల్టేజీ వచ్చినా అది సర్దుకుంటుంది. భయపడాల్సింది పిడుగులకే. ఉరిమితే ప్లగ్గు పీకేయడమే ఉత్తమం. ఏరేటర్ల కోసం పెట్టిన జనరేటర్ నుంచే ఇంటికీ లైను తీసుకునేవాళ్లు, అది అందుకున్న కాసేపటి దాకా ఛార్జింగ్ పెట్టకుండా ఆగడం మంచిది. లోహపు బాడీ ఉన్న ల్యాప్‌టాప్ ముట్టుకుంటే చేయి జివ్వుమంటోందా? యంత్రంలో లోపమని కంగారుపడకుండా ముందు ఇంట్లో ఎర్తింగ్ చూపించాలి. మూడు పిన్నుల ప్లగ్గును రెండు పిన్నుల సాకెట్‌లో ఇరికించకూడదు. నకిలీ ఛార్జర్లతోనూ ప్రమాదమే. బీఐఎస్ గుర్తు, దాని దగ్గర ‘ఆర్’ అక్షరంతో మొదలయ్యే నంబరు ఉన్నాయో లేదో చూడాలి.

పాడైతే... వంద కిలోమీటర్లు!

కొనేరోజు ఎవరూ ఆలోచించని విషయం ఇదే. హైదరాబాదులో ఉన్న మావయ్యకు సర్వీస్ సెంటరు నాలుగు వీధుల అవతలే. కృత్తివెన్ను నుంచి బెజవాడ వెళ్లాలంటే అటూఇటూగా వంద కిలోమీటర్లు. ఇవ్వడానికి ఒకరోజు, తెచ్చుకోవడానికి మరోరోజు. రెండు రోజుల పని పోయినట్టే, బస్సు ఛార్జీలు అదనం. కాబట్టి మావయ్యకు మంచిదైన కంపెనీ మనకూ మంచిదే కానక్కర్లేదు.

వారంటీలో రెండు రకాలున్నాయి. మనమే తీసుకెళ్లి ఇవ్వాల్సింది ఒకటి, మెకానిక్ ఇంటికొచ్చి బాగుచేసేది ఇంకొకటి. రెండోదాన్నే ‘ఆన్‌సైట్’ అంటారు. అయితే ఆన్‌సైట్ అని రాసినంత మాత్రాన కృత్తివెన్ను దాకా వస్తారని కాదు. కంపెనీ టోల్‌ఫ్రీకి ఫోన్ చేసి మన పిన్‌కోడ్ చెప్పి, ‘ఈ ఊరికి వస్తారా?’ అని అడగాలి. మామూలు వారంటీలో సాధారణంగా నీళ్లు పడటం, తుప్పు పట్టడం వంటివి ఉండవు. కొంత అదనంగా కడితే ప్రమాదాలకూ రక్షణ ఇచ్చే ప్లాన్లున్నాయి. తీరంలో ఉండేవాళ్లు మెరిసే మోడల్ మీద పెట్టే డబ్బు ఇలాంటి మూడేళ్ల ప్లాన్ మీద పెడితే నిద్ర పడుతుంది.

ఆఫీసుల కోసం చేసే ‘బిజినెస్’ రకాలనూ ఓసారి చూడండి. చూపులకు నల్లగా, మొద్దుగా ఉంటాయి. ఎవరూ పొగడరు. కానీ వాటిలో చాలావాటికి నీళ్లు చిందినా తట్టుకునే కీబోర్డులుంటాయి. భాగాలు విప్పి మార్చడం తేలిక.

సెకండ్‌హ్యాండ్ తీసుకోవచ్చా అంటే... తీసుకోవచ్చు, ఒక్క షరతు మీద. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 ఎక్కాలంటే ఇంటెల్‌లో దాదాపుగా ఎనిమిదో తరం, ఆపైనే ఉండాలి. టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పూ కావాలి. ఇవి లేని పాత యంత్రం ఎంత చవగ్గా వచ్చినా విండోస్ కోసం కొనడం దండగ. ఖర్చు లేని ఉబుంటు లాంటి లినక్సుతో సరిపెట్టుకోగలిగితే మాత్రం అవీ కొన్నేళ్లు పనిచేస్తాయి.

కొట్లో అడగాల్సిన ఎనిమిది ప్రశ్నలు

1. ప్రాసెసర్ పూర్తి నంబరు ఎంత? ఏ ఏడాదిది?

2. ర్యామ్ ఎంత? పెంచడానికి ఖాళీ స్లాట్ ఉందా?

3. ఎస్‌ఎస్‌డీయేనా? కనీసం 512 జీబీ ఉందా?

4. తెర ఐపీఎస్ రకమేనా? 1920x1080 ఉందా? టీఎన్ రకమైతే పక్కనుంచి చూస్తే రంగులు మారిపోతాయి.

5. బ్యాటరీ ఎన్ని వాట్ అవర్లు? యూఎస్‌బీ-సీ ఛార్జింగ్ ఉందా?

6. విండోస్ లైసెన్సుతో వస్తుందా, లేక ఖాళీగా వస్తుందా?

7. మా పిన్‌కోడ్‌కు ఆన్‌సైట్ సర్వీస్ ఉందా?

8. జీఎస్టీ బిల్లు మీద సీరియల్ నంబరు రాసిస్తారా? బిల్లు లేకుండా తగ్గిస్తామంటే వద్దనాలి. రేపు వారంటీ అడగడానికి ఆ కాగితమే ఆధారం.

వీటికి తడబడకుండా జవాబు చెప్పే కొట్లోనే కొనాలి. ‘అవన్నీ ఎందుకండీ, బాగా అమ్ముడుపోతోంది’ అంటే నమస్కారం పెట్టి బయటికి వచ్చేయాలి. పక్కనే ఇంకో కొట్టుంటుంది.

ఇంకొక్క మాట. కొనేది పెద్దవాళ్లే అయినా నాలుగేళ్లు దాంతో గడపాల్సింది పిల్ల. కొట్టుకు ఆమెను వెంట తీసుకెళ్లాలి. కీబోర్డు మీద నాలుగు లైన్లు కొట్టి చూడనివ్వాలి. సంచిలో పెట్టి భుజానికి తగిలించుకోనివ్వాలి. అడగాల్సిన ప్రశ్నలు ఆమెనే అడగనివ్వాలి. ఇంజినీరు కాబోయే అమ్మాయికి అదే మొదటి పాఠం.

నాన్నకు ర్యామ్ గురించి తెలియకపోవచ్చు. నీళ్లు చూసి పిల్లను వదలాలన్న సంగతి మాత్రం ఆయనకు తెలిసినంతగా ఏ సేల్స్‌మ్యానుకూ తెలియదు. చెరువు గట్టు మీద నేర్చుకున్న ఆ తెలివిని కొట్టు గుమ్మం దాకా తీసుకెళ్తే చాలు!